నత్తగుల్ల సాక్ష్యం



ఈసారి ఛందస్సునూ సమాసాలనూ కాస్త పక్కన పెట్టి, ఒక అల్పప్రాణిని గురించి నాలుగు మాటలు వ్రాయాలని కూర్చున్నాను. తెలుగు పండితుడికి జంతుశాస్త్రంతో పని ఏమిటని మీరు అడుగవచ్చు. పని ఉన్నది. అది నా స్వంత అప్పు. ఆ అప్పు సంగతి మధ్యలో చెబుతాను. చివరకు మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ఆ ప్రాణి నత్త. సంస్కృతంలో శంబూకం. అమరకోశంలోని వారివర్గం తెరిస్తే ముత్యపుచిప్ప, శంఖం, శంబూకం మూడూ ఇరుగుపొరుగున కనిపిస్తాయి. నిఘంటుకారుడు వాటిని ఒకే వాడలో కాపురం పెట్టించాడు. నేటి శాస్త్రజ్ఞులూ ఆ బంధుత్వాన్ని కాదనలేదు. అవన్నీ మృదుకాయాలే, అనగా ఎముకలు లేని మెత్తని ఒడలు కలవి. శంఖమూ, మనం చిల్లిగవ్వ అని తీసిపారవేసే గవ్వా కూడా నత్త జాతివే. అయితే లోకం ఆ కుటుంబంలో అందరినీ ఒక్క తీరుగా చూడలేదు. శంఖం దేవుడి చేతికి ఎక్కింది. గవ్వ నాణెమై సంతకు పోయింది. ముత్యపుచిప్ప బిడ్డ పత్తర్‌గట్టి దుకాణాలలో పట్టుగుడ్డ మీద పవళించింది. నత్త మాత్రం బురదలోనే ఉండిపోయింది. నత్తగుల్లలన్నీ ఒక రేవున, ముత్యపుచిప్పలన్నీ ఒక రేవున అని సామెత పుట్టింది అందుకే కాబోలు. పనిలో ఆలస్యమైతే నత్తనడక. తెలుగువాడు నత్తను తలచుకున్నప్పుడల్లా ఎవరినో ఒకరిని తక్కువ చేయడానికే తలచుకున్నాడు.

నేనూ ఆ తప్పు చేశాను.

1990ల మధ్యలో నేను పాతబస్తీ దక్షిణపు అంచున ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో పనిచేసేవాణ్ణి. ఏడవ తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు చెప్పను. తండ్రి పాత బ్యాటరీలు పగులగొట్టి సీసం కరిగించే ఒక చిన్న కార్ఖానాలో కూలి. ఇల్లు ఆ పక్కనే. పిల్లవాడు మొద్దు కాదు. కానీ నిన్న చెప్పిన పద్యం ఇవాళ అడిగితే గోడ వంక చూసేవాడు. పలక మీద చేయి మెల్లగా కదిలేది. నేను వాడికి నత్త అని పేరు పెట్టాను. తరగతి నవ్వింది. తరువాత అందరూ అదే పేరుతో పిలిచారు. ఒకసారి వాళ్ల అమ్మ బడి గేటు దగ్గర నిలబడి, “సారూ, పిలగాడు ఎప్పుడూ కడుపునొప్పి అంటడు, చదివింది యాదికుంటలేదు” అని చెప్పింది. వాము నీళ్లు త్రాగించమన్నాను.

ఆ పిల్లవాడే ఒకనాడు నిక్కరు జేబునిండా నత్తగుల్లలు తెచ్చి నా బల్ల మీద పోశాడు. “సార్, మా కుంటల నత్తలన్నీ సచ్చిపోయినయ్. ఉత్త గుల్లలే తేలుతున్నయ్. ఎందుకు సార్?” అని అడిగాడు. అది నా వృత్తిజీవితంలో నన్ను ఎవరైనా అడిగిన ఉత్తమమైన ప్రశ్నలలో ఒకటి. నేనేమి చేశాను? శంబూక శబ్దాన్ని వివరించాను. రామాయణంలోని శంబూకుడిని గురించీ, త్రిపురనేని రామస్వామి చౌదరి గారి నాటకాన్ని గురించీ చెప్పాను. గంట కొట్టారు. గుల్లలను బయట పారవేయమన్నాను. వస్తువును గురించి అడిగినవాడికి మాటను గురించి చెప్పి పంపించాను. వాడు ఎనిమిదవ తరగతితో బడి మానేశాడు.

ఇక చరిత్రకు వద్దాం.

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీకి పెద్దలు ముచికుంద అని పేరు చెప్పారు. మూస, ఈస అనే రెండు పాయలు నగరానికి పడమట లంగర్‌హౌజ్ వద్ద కలుస్తాయి. 1578లో కట్టిన పురానాపూల్, 1591లో వెలసిన చార్మినార్ ఈ నీటిని నమ్ముకొని నిలిచినవే. ఆ నీరు 1908 సెప్టెంబరు 28న ఉగ్రరూపం దాల్చి నగరాన్ని ముంచివేసింది. మరణించినవారు సుమారు 15,000 మంది అని చెప్పుకుంటారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నోరులేని ఒక చెట్టు ఈ నగరపు విపత్తుకు సాక్షిగా మిగిలింది.

ఆ వరద తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహా ననుసరించి మూస మీద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈస మీద హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయినాయి. నగరానికి వరద భయం తగ్గింది, త్రాగునీరు దొరికింది. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. కానీ ప్రతి మేలుకూ ఒక నీడ ఉంటుంది. పైన మంచినీరు ఆగిపోయిన తరువాత, దిగువన నదికి మిగిలినది నగరం వదలిన నీరే. జనం పెరిగిన కొద్దీ ఆ నీటి రంగు మారింది. అయినా నది పారుతూనే ఉన్నది, రైతు దున్నుతూనే ఉన్నాడు. నగరం దిగువన మూసీ మీది కత్వల నుంచి పాత కాలువలు ఈనాటికీ పొలాలకు నీరు మోస్తున్నాయి. వరి పండుతున్నది, ఆకుకూర పండుతున్నది, పాతబస్తీ పాడిపశువులకు గడ్డి పెరుగుతున్నది. పోసినది నగరమే, తిన్నది నగరమే.

పాతబస్తీకి లోహాలు కొత్త కాదు. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, నల్లని నేల మీద వెండి తీగ పొదిగే బిద్రీ పనివారు ఇక్కడ ఉన్నారు. వెండిని ఆకులా సాగగొట్టే వరఖు పనివారి సుత్తుల చప్పుడు చార్మినార్ గల్లీలలో తరతరాలుగా వినబడింది. ఇత్తడి గిన్నెలకు తగరపు కళాయి వేసేవారు వీధి వీధికీ వచ్చేవారు. ఆ పనులలోనూ పొగ ఉన్నది, దుమ్ము ఉన్నది. కానీ అది చేతిపని, చేతికి అందినంత మేరకే. 1970ల తరువాత సంగతి వేరు. ఉత్తరాన జీడిమెట్ల, పడమట పటాన్‌చెరు, దక్షిణాన పాతబస్తీని ఆనుకొని కాటేదాన్ పారిశ్రామికవాడలుగా పెరిగినాయి. బ్యాటరీలు, లోహపు పూతలు, అద్దకాలు, రసాయనాలు, నూనెలు, ఒకదాని పక్కన ఒకటి. 1974లో జలకాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1976లో మన రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. చట్టం కాగితం మీద ఉన్నది. కాలువ నేల మీద ఉన్నది. ఆ రెండూ కలుసుకోవడానికి చాలా కాలం పట్టింది.

పటాన్‌చెరులో జనం ముందు గొంతెత్తారు. నక్కవాగు నీరు రంగులు మారి, మంజీర వైపు పారుతుంటే, స్థానిక వైద్యులు డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు గ్రామస్థుల పక్షాన నిలిచారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నేలలోని లోహాల మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన 2001లో వెలువడింది. అదే సంస్థ కాటేదాన్ నేలను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించింది. ఎక్స్-కిరణాలతో మట్టిని చదివే పద్ధతి అది. సీసం, క్రోమియం, రాగి, నికెల్, జింకు వంటివి ఉండదగిన దానికంటె బాగా ఎక్కువగా కనబడినాయి. వ్యర్థాలను తోచిన చోటల్లా కుమ్మరించడమే ప్రధాన కారణమై ఉండవచ్చుననీ, వానకూ గాలికీ అవి వ్యాపిస్తున్నాయనీ వారు వ్రాశారు.

ఈ 2008 నాటి ఫలితాల సంగతి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. అప్పుడే నా బల్ల మీది గుల్లలు గుర్తుకు వచ్చినాయి. శాస్త్రజ్ఞులు మట్టిని అడిగి తెలుసుకున్నదానిని ఆ పిల్లవాడు పదేళ్లకు పైగా ముందే నత్తను చూసి అడిగాడు గదా అనిపించింది. కుంటలోని నత్తలు లోహంవల్లనే చనిపోయినాయని నేను అనను. మురుగు పెరిగి నీటిలో ప్రాణవాయువు తరిగినా గుల్లలు తేలుతాయి. కానీ నత్త ఏదో చెబుతున్నదని వాడు గ్రహించాడు, నేను గ్రహించలేదు. నత్తను అడగవచ్చునని లోకం గ్రహించిన వృత్తాంతం కొంత తెలుసుకుందామని మనుమరాలి సాయంతో చదవడం మొదలుపెట్టాను. చదివినది మీతో పంచుకుంటున్నాను.

ఆ కథ ఇంగ్లండులోని ప్లిమత్ రేవులో మొదలవుతుంది. 1970లో స్టీఫెన్ బ్లేబర్ అనే పరిశోధకుడు అక్కడి రాతినత్తలలో ఒక వింతను గమనించాడు. ఆడనత్తలకు మగ అవయవం వంటిది మొలుస్తున్నది. దానికి కారణం తేలడానికి మరి పదేళ్లకు పైగా పట్టింది. ఓడల అడుగున నాచూ గుల్లలూ పట్టకుండా పూసే రంగులో ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనం ఉండేది. నీటిలో అది ఉన్నట్లు కూడా తెలియనంత స్వల్పమైనా నత్తకు తెలిసింది. ముదిరిన చోట ఆడనత్తలు గ్రుడ్లు పెట్టలేక జాతే అంతరించింది. ఫ్రాన్సులో ఆర్కషాఁ అఖాతంలో ఆల్చిప్పల పెంపకందారులు దివాళా తీసే స్థితికి వచ్చారు. 1982లో ఫ్రాన్సు, 1987లో బ్రిటను చిన్న పడవలకు ఆ రంగును నిషేధించినాయి. 2001లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరి, 2008లో అమలులోకి వచ్చింది. సముద్రాలన్నింటి మీద తిరిగే ఓడల రంగును మార్పించినది ఎవరు? బొటనవ్రేలంత నత్త.

అదే కాలంలో, 1975లో, అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ఒక ఆలోచన ప్రతిపాదించాడు. సముద్రతీరమంతటా నీటిని సీసాలలో పట్టి పరీక్షించడానికి బదులు, అక్కడ పుట్టి అక్కడే ఉండే ఆల్చిప్పలను పరీక్షిస్తే చాలునన్నాడు. నీరు ఈ క్షణపు మాట చెబుతుంది. చిప్ప నెలల మాట చెబుతుంది. మన అనుభవంలో చూడండి. కాలువలోకి విషపు నీరు అర్ధరాత్రి వదలుతారు. తనిఖీకి వచ్చే అధికారి పగలు పదకొండు గంటలకు సీసా ముంచుతాడు. సీసాలో ఉన్నది నిజమే; కానీ అది పదకొండు గంటల నిజం. రాత్రి నిజం ఎవరి వద్ద ఉన్నది? కాలువ నుంచి కదలని ప్రాణి కడుపులో ఉన్నది. ఇక్కడ నత్తనడక దోషం కాదు, అర్హత. చేప ఈదుకుంటూ మరొక చోటికి పోగలదు, పక్షి ఎగిరిపోగలదు. నత్త ఎక్కడికీ పోదు గనుక దాని మాట ఆ చోటి మాటే.

అది లోహాన్ని ఎక్కడ దాచుకుంటుంది? నత్త గుల్ల చివరి మెలికలలో జీర్ణగ్రంథి ఉంటుంది. తిన్న ఆకుతో, మ్రింగిన మట్టితో వచ్చిన సీసం, కాడ్మియం, జింకు ఎక్కువగా అక్కడ చేరుతాయి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కు చెందిన రైనార్డ్ డాలింగర్ బృందం 1997లో ఒక చక్కని సంగతి బయటపెట్టింది. నత్త శరీరంలో లోహాన్ని పట్టి బంధించే మాంసకృత్తులు రెండు రకాలు ఉన్నాయి. ఒకటి కాడ్మియాన్ని పట్టి జీర్ణగ్రంథిలో కట్టి ఉంచుతుంది. రెండవది రాగిని భద్రపరుస్తుంది. రాగి నత్తకు శత్రువు కాదు. మన రక్తంలో ఇనుము చేసే పనిని దాని రక్తంలో రాగి చేస్తుంది. అందుకే ప్రాణవాయువు తగిలినప్పుడు ఆ రక్తం లేత నీలంగా కనబడుతుంది. అవసరమైన లోహానికి ఒక గది, విషలోహానికి వేరొక చెర. బురదలో ప్రాకే ప్రాణికి ఇంతటి గృహనిర్వాహం ఉన్నదని ఎవరు అనుకున్నారు!

సీసం పద్ధతి వేరు. అది కాల్షియం వేషం వేస్తుంది. కాల్షియంతోనే గుల్ల కట్టుకునే నత్త ఒంటిలో అది గుల్లలోనికీ దూరుతుంది. ఈ మాట చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే మనిషి బిడ్డలోనూ సీసం అదే వేషం వేస్తుంది. ఎదిగే ఎముకలోనికి దూరి ఏళ్ల తరబడి కూర్చుంటుంది. మెదడుకు చేరి జ్ఞాపకాన్నీ చురుకుదనాన్నీ హరిస్తుంది. కడుపునొప్పి దాని లక్షణాలలో ఒకటి. పిల్లల రక్తంలో ఇంత వరకు ఉంటే హాని లేదు అని చెప్పదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

నత్తను న్యాయస్థానానికి తగిన సాక్షిగా తీర్చిదిద్దినవారు ఫ్రాన్సులోని బెజాన్సోఁ విశ్వవిద్యాలయం వారు. తోటలలో దొరికే సామాన్యపు నత్తను పెంచి, దాని వయస్సు, తిండి, బరువు అన్నీ తెలిసి ఉండగా, అనుమానం ఉన్న నేల మీద అడుగులేని పంజరంలో విడిచిపెడతారు. 28 రోజులు అది ఆ మట్టి మీద నడిచి, ఆ ఆకు తిని, ఆ గాలి పీలుస్తుంది. తరువాత దాని శరీరంలో లోహం ఎంత పెరిగిందో కొలుస్తారు. ఉత్తర ఫ్రాన్సులో నొయెల్-గొడో అనే ఊరిలో 2003లో మూతపడిన పెద్ద సీసపు కొలిమి చుట్టుపట్ల నేలను ఈ రకంగానే నత్తలతో పరిశోధించారు. నేలలోని విషం నత్త ఎదుగుదలను ఎంత అడ్డుకుంటుందో కొలిచే పద్ధతికి 2006లో, పంజరపు పద్ధతికి 2021లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ముద్ర వేసింది.

మట్టిని ఎక్స్-కిరణాలతో చదివిన తరువాత నత్తతో పని ఏమిటి? ఉన్నది. మట్టి పరీక్ష నేలలో లోహం మొత్తం ఎంత ఉన్నదో చెబుతుంది. అందులో కొంత భాగం రాతి రేణువులో బిగిసిపోయి ఎవరికీ అందదు. కొంత భాగం వదులుగా ఉండి నీటిలోకి, ఆకులోకి, ప్రాణిలోకి ఎక్కుతుంది. సున్నపు నేలలో ఒక తీరు, పులిసిన నేలలో ఒక తీరు. నేలలో ఎంత ఉన్నది అన్నది ఒక ప్రశ్న. ప్రాణిలోకి ఎంత ఎక్కింది అన్నది మరొక ప్రశ్న. రెండవ ప్రశ్నకు ప్రాణి మాత్రమే జవాబు చెప్పగలదు. పెట్టెలో ధనం ఎంత ఉన్నదో లెక్కించడం వేరు, ఇంటి పిల్లవాడి నోటికి ఎంత అన్నం అందిందో చూడడం వేరు కదా!

సాక్షిలోని లోపాలను కూడా చెప్పకపోతే అది న్యాయం కాదు. మన చెరువుల నత్త, శాస్త్రజ్ఞులు పైలా అని పిలిచేది, విదేశపు తోటనత్త వంటిది కాదు. నీటిలో మొప్పతోనూ గట్టున ఊపిరితిత్తితోనూ గాలి పీల్చగలదు. దాని గుల్లకు ఒక తలుపు ఉంటుంది. వేసవిలో చెరువు ఎండితే బురదలోకి దిగి, తలుపు బిగించుకొని, నెలల తరబడి తిండి లేకుండా నిద్రపోతుంది. నీరు నచ్చకపోయినా తలుపు మూస్తుంది. తలుపు మూసిన సాక్షి నుంచి వాఙ్మూలం రాదు. కనుక దానిని వానకారులో, మేతకు తిరిగే రోజులలో అడగాలి. రాగి, జింకులు దాని ఒంటికి సహజంగానే అవసరం గనుక ఆ అంకెలు చూసి తొందరపడకూడదు. శుభ్రమైన చెరువు నత్తతో పోల్చి చూడాలి. ఏ పనికీ రాని కాడ్మియం, సీసాల విషయంలో మాత్రం దాని మాట సూటిగా ఉంటుంది. గోదావరి ప్రాంతంలో నత్తల కూర వండుకునేవారు ఉన్నారు. నత్తగుల్లకొంగ అనే పక్షికి అదే జీవనాధారం. బాతులకు నత్తలు చితగ్గొట్టి పెడతారు. కాబట్టి నత్త కడుపులో ఉన్నది నత్తతో ఆగదు.

సాక్ష్యం సంగతి వచ్చింది గనుక ఒక తీర్పును గూర్చి చెప్పాలి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల పరీవాహకంలో కాలుష్యకారక పరిశ్రమలను 10 కిలోమీటర్ల మేర నిషేధిస్తూ 1996 మార్చిలో 111వ నంబరు ఉత్తరువు వెలువడింది. ఆ జలాశయాల సమీపంలో తలపెట్టిన ఒక నూనె పరిశ్రమ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కాలుష్య నియంత్రణ మండలికీ, ఎం.వి. నాయుడు గారికీ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 1999 జనవరిలో చెప్పిన తీర్పు దేశానికంతటికీ దారి చూపింది. హాని జరుగుతుందని జనం నిరూపించనక్కరలేదు. హాని జరగదని పరిశ్రమ నిరూపించాలి. శాస్త్రం పూర్తిగా తేలలేదన్న సాకుతో ముందుజాగ్రత్తను వాయిదా వేయరాదు. ఇదీ దాని సారం. మన పాతబస్తీ త్రాగిన నీటి మీద పుట్టిన న్యాయసూత్రం అది. 2022లో 111వ ఉత్తరువును సడలిస్తూ మరొక ఉత్తరువు వచ్చిన సంగతి కూడా మీకు తెలిసినదే.

సూత్రం ఉన్నది. కానీ కాటేదాన్ చుట్టూ ఇళ్లు కట్టుకొని ఉన్న పేదవాడికి సూత్రం చేతికి అందేది ఎప్పుడు? అతని వద్ద ప్రయోగశాల లేదు. నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని మన ప్రమాణాలు చెబుతాయి, కాడ్మియం 0.003 మించరాదు. అంత సూక్ష్మాన్ని కంటితో చూడగలిగిన గృహస్థు ఎవరు? 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ దక్షిణాన చెరువులు పొంగి కాలనీలు మునిగినప్పుడు, నీరు తీసిన తరువాత ఇళ్లలో మోకాటి లోతు బురద మిగిలింది. ఆడవాళ్లు దానిని చేటలతో ఎత్తి పోశారు. ఏ నేల మీదుగా వచ్చిన బురద అది అని అడిగే తీరిక కూడా వారికి లేకపోయింది.

శంఖంలో పోస్తే గాని తీర్థం కాదు అని మనకొక సామెత. నీరు అదే, కానీ శంఖం నుంచి వస్తేనే కళ్లకద్దుకుంటారు. ప్రజల మాట కూడా అంతే. కుంటలో నత్తలు చచ్చినాయని పిల్లవాడు చెబితే అది మామూలు నీరు. ప్రమాణం ప్రకారం, పంజరం పెట్టి, 28 రోజులు లెక్కించి, కాగితం మీద అంకె వ్రాస్తే అది తీర్థం. విచిత్రం ఏమిటంటే ఆ శంఖమూ నత్త గుల్లే. ప్రమాణాన్ని నేను తక్కువ చేయడం లేదు. అది లేకపోతే న్యాయస్థానంలో ఎవరి మాటా నిలువదు. ఇప్పుడు ఆ శంఖం తయారై ఉన్నది గనుక దానిని మన కుంటల గట్టుకు తీసుకురావాలని మాత్రం అంటున్నాను. పరిశోధనశాలలకు పేరుపడిన నగరం మనది. పంజరానికి పెద్ద ఖర్చు లేదు. ఉన్నత పాఠశాలల పిల్లలు ఏ చెరువులో నత్తలు ఉన్నాయో, ఏ చెరువులో ఉత్త గుల్లలే ఉన్నాయో చూసి, తేదీ వేసి వ్రాసిపెడితే, అదే మొదటి మెట్టు. కొలత పెద్దలు చేస్తారు. గమనిక పిల్లలు చేయగలరు. చేయగలరని నాకు 30 ఏళ్ల నాడే రుజువైంది.

ఇక నా అప్పు సంగతి. ఆ పిల్లవాడి రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు. కనుక వాడి మందకొడితనానికి సీసమే కారణమని నేను చెప్పలేను. ఆ రోజులలో పెట్రోలులోనూ సీసం కలిపేవారు. దేశమంతటా అది ఆగినది 2000 ఫిబ్రవరిలో. ఇంటి రంగులలో ఉండేది. పేదరికం ఉన్నది, అర్ధాకలి ఉన్నది. పాత బ్యాటరీల నిర్వహణకు నియమాలు 2001లో వచ్చినాయి. అప్పటికి వాడు బడి విడిచి కొన్నేళ్లయింది. కారణం ఏదైనా వాడి తప్పు కాదన్నది మాత్రం నిశ్చయం. వాడి తల్లి చెప్పిన రెండు ముక్కలూ, కడుపునొప్పి, మరుపు, వైద్యుడి చెవిన పడవలసినవి. నా చెవిన పడినాయి. నేను వాముతో సరిపెట్టాను.

గురువు పెట్టిన పేరు శిష్యుడికి చాలాకాలం అంటుకొని ఉంటుంది. నేను వాడికి నత్త అని పేరు పెట్టినప్పుడు ఆ ప్రాణిని గురించి నాకు నిఘంటువు తెలుసు, ఇంకేమీ తెలియదు. ఇప్పుడు కొంచెం తెలిసింది. ఉన్నచోటి విషాన్ని తన ఒంట్లోకి తీసుకొని, చెరలో పెట్టి, ఏమీ దాచకుండా అడిగినవాడికి చెప్పే ప్రాణి అది. ఆ పేరు అప్పుడు నింద. ఇప్పుడు అదే పేరు తలచుకుంటే నాకు తల వంచుకోవాలనిపిస్తుంది. వాడు ఎక్కడ ఉన్నాడో, ఎట్లా ఉన్నాడో! ఎప్పుడైనా ఎదురుపడితే శంబూక శబ్దం గురించి ఎత్తను. నీవు అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు కొంత దొరికింది నాయనా అని మాత్రం చెబుతాను.

మీ మీ ఊళ్ల చెరువులలో నత్తలు ఉన్నాయా, చిన్ననాడు ఉండి ఇప్పుడు లేవా? ఈసారి ఊరికి వెళ్లినప్పుడు గట్టు మీద ఒక్క నిమిషం నిలబడి చూడండి. చూసినది ఇక్కడ వ్రాయండి. నా వ్రాతలో పొరపాట్లు ఉంటే నిస్సంకోచంగా దిద్దండి. దిద్దించుకోవడం నేర్చుకునే వయస్సు ఇప్పుడే వచ్చింది నాకు.

స్వస్తి.